ఆ పేపర్లు తెరిచి చదవండి: విశ్వవిద్యాలయ నియామక కమిటీలకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో జీవశాస్త్ర విభాగాలకు అధ్యాపకులను, శాస్త్రవేత్తలను ఎంపిక చేసే కమిటీల పెద్దలందరికీ నమస్కారం.

నేను జన్యుశాస్త్రం పాఠాలు చెప్పే అధ్యాపకురాలిని. నా దగ్గర చదువుకున్న పిల్లలు మీ ముందుకు ఇంటర్వ్యూలకు వస్తుంటారు. ఒక్కోసారి సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా మీ పక్క కుర్చీలో నేనూ కూర్చుంటాను. బల్లకు రెండు వైపులా ఏం జరుగుతుందో చూస్తున్నదాన్ని కాబట్టి చొరవ తీసుకుని రాస్తున్నాను. అడగదలచుకున్నది ఒక్కటే. అభ్యర్థి పరిశోధన పేపర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మానేసి, వాటిలో నాలుగైదయినా చదివి ఇంటర్వ్యూకి రండి.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, ఇన్నాళ్లూ మీకు ఒక సాకు ఉండేది. "నిబంధన అలా ఉందమ్మా, మేమేం చేస్తాం?" అనేవారు. ఆ సాకు కరిగిపోతోంది. పీహెచ్‌డీ సమర్పించే ముందు పేపర్ వేసి తీరాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. ఏ పత్రిక మంచిదో చెప్పే కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తేసి, ఆ నిర్ణయం సంస్థలకే వదిలేసింది. అధ్యాపకుల పనికి మార్కులు వేసే ఏపీఐ పాయింట్ల పద్ధతికి కూడా స్వస్తి చెప్పాలని 2025 జనవరి ముసాయిదాలో ప్రతిపాదించింది. జాబితా పోయింది, పాయింట్లూ పోయేలా ఉన్నాయి. ఇక మిగిలేది అభ్యర్థి రాసిన పేపరు, దాన్ని చదవాల్సిన మీరు. కానీ నేను చూస్తున్న చోట్ల పాత జాబితా స్థానంలో ఇంకో జాబితా, పాత పాయింట్ల స్థానంలో, పేపర్లను ఇతరులు ఎంత ఉదహరించారో లెక్కించే హెచ్-ఇండెక్స్ అనే అంకె వచ్చి కూర్చుంటున్నాయి.

ఒక ఇంటర్వ్యూ సంగతి చెబుతాను. ఎక్కడ జరిగిందో చెప్పను. గోడ మీద ప్రొజెక్టర్ వెలుగులో ఎక్సెల్ షీట్. అభ్యర్థి పేరు, పేపర్ల సంఖ్య, మొత్తం ఇంపాక్ట్ ఫాక్టర్ (పేపర్లు వచ్చిన పత్రికలకు ఇచ్చే అంకె), సైటేషన్లు (ఇతరులు తమ పేపర్లలో ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్. ఇంపాక్ట్ ఫాక్టర్లన్నీ కూడి, మూడు దశాంశ స్థానాల దాకా వేశారు. లోపలికి వచ్చిన అమ్మాయి చేతిలో లావుపాటి ఫైలు ఉంది. అందులో ఉన్నవి చేత్తో గీసిన వంశవృక్షాలు. చదరం మగ, సున్నా ఆడ, నల్లగా నింపితే పుట్టుచెవుడు ఉన్నట్టు, భార్యాభర్తలను కలిపే చోట జంట గీత ఉంటే మేనరికం. ఆ అమ్మాయి ఊళ్లు తిరిగి, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి మూడు తరాల వివరాలు అడిగి, రక్తం నమూనాలు తెచ్చి, ఏ కుటుంబంలో కనెక్సిన్-26 జన్యువు దెబ్బతిన్నదో, ఏ కుటుంబంలో కారణం వేరే చోట ఉందో తేల్చింది. ఆ ఇళ్లలో తర్వాత పుట్టబోయే బిడ్డ గురించి తల్లిదండ్రులకు ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. కమిటీలో ఒకరు అడిగారు: "హెచ్-ఇండెక్స్ ఎంతమ్మా?" "నాలుగు సార్" అంది. కర్సర్ కింది వరుసలోకి జరిగిపోయింది. ఫైలు తెరవమని ఎవరూ అనలేదు. అంతకుముందే ఆమె పేపర్లు చదివి వచ్చినందుకు నాకు మాత్రం రెండు ప్రశ్నలు అడిగే అవకాశం దొరికింది. ఆమె చెప్పిన జవాబులకు ఆ షీట్‌లో కాలమ్ లేదు.

హెచ్-ఇండెక్స్ నాలుగు అంటే, కనీసం నాలుగు సైటేషన్లు చొప్పున ఉన్న పేపర్లు నాలుగు ఉన్నాయని. హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో, తన రంగంలో వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ కొలత ప్రతిపాదించాడు. మొత్తం నాలుగే పేపర్లు రాసిన మనిషికి, ఒక్కోదాన్ని వెయ్యి మంది ఉదహరించినా సరే, హెచ్-ఇండెక్స్ నాలుగు దాటదు. ఇంపాక్ట్ ఫాక్టర్ సంగతి ఇంకా విచిత్రం. అది పత్రికకు చెందిన అంకె, పేపరుకు చెందినది కాదు. తన సైటేషన్ సూచికలో ఏ పత్రికలు చేర్చాలో తేల్చుకోవడానికి యూజీన్ గార్ఫీల్డ్ 1960ల్లో తయారుచేసుకున్న సాధనం. గత రెండేళ్లలో ఆ పత్రికలో వచ్చిన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయో చెబుతుంది, అంతే. దాన్ని మనుషులకు అంటగట్టి, పైగా కూడికలు వేస్తున్నాం.

2018 యూజీసీ నిబంధనల్లోని పట్టికనే తీసుకోండి. ఇంపాక్ట్ ఫాక్టర్ లేని రిఫరీడ్ (నిపుణులు పరిశీలించాకే అచ్చేసే) పత్రికలో వ్యాసానికి 5 పాయింట్లు. ఇంపాక్ట్ ఫాక్టర్ 10 దాటితే 30 పాయింట్లు. ఇద్దరికి మించి రచయితలుంటే ప్రధాన రచయితకు 70 శాతం, మిగతా ఒక్కొక్కరికి 30 శాతం. ఇప్పుడు 2009లో నేచర్ పత్రికలో వచ్చిన భారతీయ జనాభా చరిత్ర పేపరును ఈ పట్టికలో పెట్టి చూడండి. హార్వర్డ్ బృందం, మన హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) బృందం కలిసి చేసిన పని. 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులు చదివి, నేటి భారతీయుల్లో అత్యధికులు రెండు ప్రాచీన జనాభాల కలయిక అని చూపించారు. రచయితలు ఐదుగురే. ఆ పట్టిక ప్రకారం అందులో సహరచయితకు వచ్చేది 30లో 30 శాతం, అంటే 9 పాయింట్లు. ఇంపాక్ట్ ఫాక్టరే లేని చిన్న పత్రికలో ఒక్కరే రెండు వ్యాసాలు వేసుకుంటే 10 పాయింట్లు. భారతదేశ జనాభా గురించి మన ఆలోచననే మార్చిన పేపరు ఒక పాయింటు తేడాతో ఓడిపోయింది.

ఆ పేపరు చివరి పేరు లాల్జీ సింగ్ గారిది. 1998 నుంచి 2009 వరకు సీసీఎంబీ డైరెక్టర్‌గా ఉన్నారు. హైదరాబాద్‌లో ఎవరినడిగినా డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అంటే ఆయన పేరే చెబుతారు. కానీ ఆయన మొదలుపెట్టింది పాములతో. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఆయన పీహెచ్‌డీ పని పాముల క్రోమోజోముల మీద. ఆడపాములో ఉండే డబ్ల్యూ క్రోమోజోమ్ ఎలా ఏర్పడింది అన్నది ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. ఎడిన్‌బరో వెళ్లి, అక్కడ కట్లపాము డీఎన్ఏ నుంచి ఒక భాగాన్ని విడదీశారు. బీకేఎం అంటారు దాన్ని. జీ-ఏ-టీ-ఏ అనే నాలుగక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే వరుస అది. ఆ పని 1980లో క్రోమోజోమా పత్రికలో వచ్చింది. పాములోని ఆ వరుసకు పోలికలు ఎలుకలో, మనిషిలో కూడా ఉన్నాయని తేలింది. 1987లో హైదరాబాద్ వచ్చాక ఆయన దాన్నే ప్రోబ్‌గా, అంటే డీఎన్ఏలో తనకు సరిపోయే చోట్లను పట్టిచ్చే ముక్కగా వాడి మనిషికీ మనిషికీ తేడా పట్టుకోగలిగారు. ఇంగ్లండ్‌లో అలెక్ జెఫ్రీస్ 1985లో వేరే ప్రోబ్‌లతో ఫింగర్‌ప్రింటింగ్ చూపించారు. బీకేఎం వల్ల మన దేశానికి సొంత ప్రోబ్ దక్కింది. కేరళలోని తలసేరిలో ఒక బిడ్డకు తండ్రి ఎవరన్న కేసులో అది మన కోర్టు మెట్లెక్కింది. 1995 ఢిల్లీ తందూర్ హత్య కేసులో కాలిపోయిన శరీరం ఎవరిదో తేల్చడానికీ సీసీఎంబీ డీఎన్ఏ పరీక్షే ఆధారమైంది.

ఇప్పుడు 1970ల మొదట్లోకి వెళ్లి ఆలోచించండి. పాముల క్రోమోజోములు చూసుకుంటున్న ఓ కుర్రాడు మీ ముందుకు వస్తాడు. రెండేళ్ల సైటేషన్లు చూస్తే ఏం కనిపిస్తుంది? ప్రపంచంలో ఆ పని చేసేవాళ్లే గుప్పెడు మంది. వాళ్లందరూ ఉదహరించినా ఎక్సెల్ షీట్‌లో పెద్ద అంకె రాదు. అయినా 1974లో భారత జాతీయ సైన్స్ అకాడమీ (ఇన్సా) ఆయనకు యువ శాస్త్రవేత్త పతకం ఇచ్చింది. అప్పటికి గూగుల్ స్కాలర్ లేదు, హెచ్-ఇండెక్స్ లేదు. ఆ పని విలువ తెలిసినవాళ్లు చూసి ఇచ్చారు. నేను అడుగుతున్నది మన దేశంలో ఎన్నడూ జరగని పని కాదు.

ఇక ఆ 2009 పేపరు తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే పరిశోధన ప్రభావం అనే మాటకు మనం ఇచ్చే అర్థం ఎంత ఇరుకైనదో అక్కడ తెలుస్తుంది. దానికి కొనసాగింపుగా 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన పేపరు, దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను చూసింది. వాటిలో 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించినవని, ఆ విషయంలో ఫిన్‌లాండ్ వాళ్లకన్నా, యూరప్ యూదులకన్నా తీవ్రంగా ఉన్నాయని చూపించింది. అలాంటి సమూహాల్లో కొన్ని అరుదైన జన్యులోపాలు ఎక్కువగా కనిపిస్తాయి. మన వైశ్యుల సంగతే చూడండి. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఈ సమూహంలో మిగతావాళ్లకన్నా బాగా ఎక్కువ. ఆపరేషన్ ముందు కండరాలు వదులు చేయడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ వీళ్లలో కొందరికి త్వరగా విరగదు, ఊపిరి ఆలస్యంగా అందుకుంటుంది. మన మత్తు డాక్టర్లు దీన్ని అనుభవంతో ముందే ఎరుగుదురు. ఎందుకలా అన్నదానికి, ఇంకా ఎన్ని సమూహాల్లో ఎలాంటి లోపాల కోసం వెతకాలి అన్నదానికి ఈ పేపర్లు దారి చూపాయి. అయితే థియేటర్లో మందు మార్చి రోగిని కాపాడిన డాక్టరు ఆ రాత్రి ఇంటికెళ్లి సైటేషన్ రాయరు కదా.

వరి సంగతి నాకు ఇంకా దగ్గరిది, మాది వ్యవసాయ కుటుంబం. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, సాంబ మసూరి, మనందరి కంచంలో ఉన్న బియ్యం. సన్నగింజ, మంచి రుచి, కానీ ఎండాకు తెగులు వస్తే నిలవదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను దానిలోకి తెచ్చాయి. మామూలు సంకరమే, కానీ ప్రతి తరంలో డీఎన్ఏ మార్కర్లతో మొక్క మొక్కనీ పరీక్షించి, మూడు జన్యువులూ ఉన్నదాన్నే మళ్లీ సాంబ మసూరితో కలిపారు. నాలుగు బ్యాక్‌క్రాస్‌లు. మధ్యలో ఎక్కడ అజాగ్రత్తగా ఉన్నా గింజ లావైపోతుంది, అన్నం రుచి మారిపోతుంది, రైతు ముట్టుకోడు. వరి నారు పోసి, పూత వచ్చి, పొద్దున్నే ఆ కాసేపట్లోనే కంకి మీద సంకరం చేసి, గింజ పండితే ఒక తరం. దాన్ని మీ ఎక్సెల్ షీట్ కోసం తొందరపెట్టలేం. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదలైంది, యూఫైటికా అనే పత్రికలో పేపరూ వచ్చింది. ఆ పత్రిక ఇంపాక్ట్ ఫాక్టర్ చూసి పెదవి విరిచే కమిటీలు ఉంటాయి. ఆ వంగడం వేసిన రైతుకు తెగులు మందు ఖర్చు తప్పుతుంది. అందులో పనిచేసిన యువ శాస్త్రవేత్త మీ ముందుకొస్తే, ఏ తరంలో ఏ మొక్కను ఎందుకు ఎంచుకున్నావు అని అడగండి. పని చేసినవాళ్లు పది నిమిషాలు ఆగకుండా చెబుతారు. పేరు మాత్రమే ఉన్నవాళ్లు రెండో వాక్యం దగ్గర ఆగిపోతారు.

సైటేషన్లు ఎక్కువుంటే పని గట్టిదని కూడా అనుకోవద్దు. ఒత్తిడికీ, డిప్రెషన్‌కీ, సెరొటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ జన్యువుకీ సంబంధం చూపిన 2003 నాటి సైన్స్ పత్రిక పేపరును వేల మంది ఉదహరించారు. దాని మీద ఒక తరం పరిశోధకులు ఉద్యోగాలు, పదోన్నతులు పొందారు. 2019లో లక్షల మంది డేటాతో మళ్లీ పరీక్షిస్తే, ఆ జన్యువుతో సహా అప్పటిదాకా పేరుపడ్డ 18 జన్యువులకు యాదృచ్ఛికంగా ఏరుకున్న జన్యువులకన్నా ఎక్కువ ప్రాధాన్యం కనిపించలేదు. ఇంకోవైపు, పద్ధతులు చెప్పే పేపర్లకు సైటేషన్లు వరదలా వస్తాయి. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి 1925లో రాసిన ఫాస్ఫరస్ కొలత పేపరు జీవరసాయనంలో అత్యధికంగా ఉదహరించిన వ్యాసాల్లో ఒకటి. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కనుక్కున్నవారిలోనూ ఆయన ఒకరు. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. ఆ కమిటీ ముందు ఉన్న కాగితాలు తక్కువేం కాదు.

అంకెల్ని నమ్మితే జరిగే ఇంకో నష్టం మోసం. మన రంగంలో అది ఎలా ఉంటుందో చెబుతాను. ఒక జన్యువును ఆపేశాం, క్యాన్సర్ కణాలు పెరగడం ఆగిపోయింది అనే నమూనాలో డబ్బులకు పేపర్లు తయారుచేసి అమ్మే ముఠాలున్నాయి. ఆస్ట్రేలియాలో జెన్నిఫర్ బర్న్ అనే శాస్త్రవేత్త ఇలాంటి పేపర్లలోని ప్రైమర్ల (ఒక జన్యువును పట్టుకోవడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్కల) వరుసలను ఒక్కొక్కటే సరిచూశారు. ఫలానా మానవ జన్యువును పట్టుకుంటుందని రాసిన వరుస అసలు ఆ జన్యువుకే సరిపోదు. ఆమె బృందం అలాంటి తప్పు వరుసలున్న పేపర్లు ఏడు వందలకు పైగా పట్టుకుంది. ప్రైమర్ అంటే సుమారు ఇరవై అక్షరాలు. దాన్ని కాపీ చేసి ఎన్‌సీబీఐ వారి బ్లాస్ట్ అనే ఆన్‌లైన్ జన్యు వరుసల వెతుకులాట సాధనంలో పెడితే నిమిషంలో తెలిసిపోతుంది, పైసా ఖర్చు లేదు. మీలో ఒక్కరు, ఇంటర్వ్యూ ముందురోజు, అభ్యర్థి పేపర్లోంచి రెండు ప్రైమర్లు తీసి చూడండి. ఏ ఇంపాక్ట్ ఫాక్టరూ చెప్పలేని సంగతి అది చెబుతుంది. డబ్బు కట్టించుకుని ఏదైనా అచ్చేసే పత్రికల వ్యాపారం మన హైదరాబాద్ నుంచే ఎంత పెద్దదైందో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి ఒక సంస్థ మీద 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. ఆ పత్రికలకు గిరాకీ మన పాయింట్ల పట్టికల నుంచే పుట్టింది. అది మనందరం తల దించుకోవాల్సిన విషయం.

రచయితల సంఖ్య చూసి కూడా మోసపోవద్దు, అనవసరంగా అనుమానించనూ వద్దు. పండుఈగ క్రోమోజోమ్ మీద 2015లో జీ3 పత్రికలో వచ్చిన ఒక పేపరుకు రచయితలు వెయ్యికి పైనే, వాళ్లలో అత్యధికులు డిగ్రీ విద్యార్థులు. ఒక్కొక్కరూ జీనోమ్‌లో ఒక్కో ముక్కను సరిచేశారు. అది నిజమైన పనే. కానీ అందులో ఒకరికి పడ్డ సైటేషన్, రెండేళ్లు ఒంటరిగా కష్టపడి రాసిన పేపరుకు పడ్డ సైటేషన్‌తో సమానం ఎలా అవుతుంది? "ఇందులో నీ చేత్తో చేసింది ఏది?" అని అడిగితే సరిపోతుంది.

మీ అభ్యంతరం నాకు తెలుసు. అంకెలు వచ్చిందే పైరవీలు ఆపడానికి అంటారు. నిజం. ఫోన్ కాల్ మీద ఉద్యోగాలిచ్చిన రోజులు మన విశ్వవిద్యాలయాలు చూశాయి. కులం చూసి, ఊరు చూసి, ఎవరి శిష్యుడో చూసి ఇచ్చిన రోజులూ చూశాయి. "చదివి నిర్ణయించండి" అంటే మళ్లీ ఆ తలుపు తెరిచినట్టే అన్న భయం న్యాయమైనదే. పేరున్న ల్యాబ్‌లో చోటు దొరకని, సిఫారసు చేసేవాళ్లు లేని పిల్లలకు అంకె ఒక రక్షణ అని నా విద్యార్థులే నాతో వాదించారు. అందుకే చదివి ఊరుకోమనడం లేదు, చదివింది రాసిపెట్టమంటున్నాను. ప్రతి అభ్యర్థికీ ఒక పేజీ: ఏ పేపర్లు చదివాం, వాటిలో కొత్తగా తేలిందేమిటి, అభ్యర్థి వంతు ఏమిటి, మాకు కనిపించిన లోపం ఏమిటి. ఎంపిక కానివాళ్లకు ఆ పేజీ ఇవ్వండి. పైరవీతో ఎంపిక చేసినవాళ్లు ఆ పేజీ రాయలేరు, రాసినా రంగంలో నలుగురు చూస్తే బయటపడిపోతుంది. అంకె వెనకాల దాక్కున్నంత తేలిగ్గా ఆ పేజీ వెనకాల దాక్కోలేరు.

టైమ్ లేదంటారు. అందరి పేపర్లూ వద్దు. దరఖాస్తులో అభ్యర్థినే ఐదు పేపర్లు ఎంచుకోమనండి. పేపర్ల బదులు ఒక వంగడం, ఒక రోగనిర్ధారణ పరీక్ష, అందరికీ తెరిచిపెట్టిన ఒక డేటాసెట్ చూపించుకోనివ్వండి. పిల్లలు పుట్టి మధ్యలో ఆగిన ఆడవాళ్ల విషయంలో ఏడాదికి ఎన్ని అనే లెక్క అసలు వద్దే వద్దు. ఇంపాక్ట్ ఫాక్టర్‌తో మనుషుల్ని కొలవొద్దని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న డోరా ప్రకటన అంది. 2018లో ఇన్సా కూడా విధాన ప్రకటనలో ఇదే దారి చూపించింది. మన దేశపు సైన్స్ అకాడమీయే చెప్పాక, ఇంకెవరి అనుమతి కోసం చూస్తున్నారు?

మీ తర్వాతి నోటిఫికేషన్‌లో దరఖాస్తు ఫారం నుంచి "మొత్తం ఇంపాక్ట్ ఫాక్టర్" అనే కాలమ్ తీసేయండి. దాని చోట "మీ ఐదు పేపర్లు, ఒక్కోదానిలో మీరు చేసిన పని" అని ఖాళీ పెట్టండి. ఆ ఐదింటినీ రెండు వారాల ముందు ఎక్స్‌పర్ట్‌లకు పంపండి. నన్ను పిలిస్తే, చదివి రాసుకున్న పేజీలతోనే వస్తాను. మిగతా సభ్యుల నుంచీ అవే పేజీలు అడగండి.

భవదీయురాలు,
జన్యుశాస్త్రం బోధించే ఒక అధ్యాపకురాలు,
హైదరాబాద్